చుగల్‌ఖోర్ పెట్టె

సిద్దిపేట,
20 నవంబరు 1994

తమ్ముడు దేవదాసుకు,

ఆశీర్వాదాలు రాయడం మొదలుపెడితే ఈ ఇన్లాండ్ కవరులో సగం వాటికే పోతుంది. అవి మనసులో అనుకున్నాను, నీకు చేరే ఉంటాయి. ఇక సంగతులకు వస్తాను.

మా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి వెనక కొత్త గది కట్టి అందులో బీరువాలంత మిషన్లు దింపారు. ఇకమీదట సిద్దిపేట నుంచి ఏ ఊరికి మాట్లాడాలన్నా ఎవరి నంబరు వాళ్లే తిప్పుకుంటారట. బోర్డు ముందు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, "హైదరాబాద్ లైన్లో ఉంది, మాట్లాడండి" అని చెప్పే మాలాంటి ఆపరేటర్ల పని ఫిబ్రవరితో సరి. ఉద్యోగం పోదులే, కంగారుపడకు. కంప్లెయింట్ల టేబుల్‌కు మారుస్తారట. ఇన్నేళ్లు జనాన్ని కలిపి పెట్టినందుకు ఇప్పుడు వాళ్ల తిట్లు వినాలి. మీ బావ మాత్రం తెగ సంబరపడుతున్నాడు. ఇంట్లో తన మాటలు వినడం అలవాటు చేసుకుంటే ఆఫీసులో ఆ పని సులువవుతుందని నాకు సలహా ఇచ్చాడు. ఆ పూట ఆయనకు చాయ్ ఆలస్యంగా ఇచ్చాను.

పోయిన సోమవారం దుబ్బాక నుంచి కనకవ్వ వచ్చింది. మీ పోస్టులో హవల్దారుగా ఉన్న ఉప్పలయ్య వాళ్లమ్మ. నేత తువ్వాలలు అమ్మడానికి సిద్దిపేట వచ్చినప్పుడల్లా ఎక్స్‌ఛేంజికి రావడం ఆమెకు అలవాటైపోయింది. ఫోన్లు కలిపే చోట తన కొడుకు సంగతి కూడా తెలుస్తుందని ఆమె నమ్మకం. నీ ఉత్తరంలో ఉప్పలయ్య పేరున్న చోటల్లా రెండుసార్లు చదివించుకుంటుంది. అతనికి ఆడపిల్ల పుట్టిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. పిల్లకు తండ్రి మొహం తెలియదు, తండ్రికి పిల్ల మొహం తెలియదు. జనవరిలో అతను సెలవు మీద వచ్చాకే తొట్టెల వేడుక చేస్తారట. నాకు ఇప్పటినుంచే పిలుపు అందింది.

"మా ఉప్పలయ్య తోటి మీ తమ్ముడున్నడని నాకు ఎంత ధైర్యమో బిడ్డా" అంది వెళ్లేటప్పుడు. అది నీకు చేరవేయమని చెప్పలేదు కానీ, చేరవేయడం నా వృత్తి కదా.

మీరు ఉండేచోట చలి ఎంతుందో రాయి. అబద్ధం రాయకు.

నీ అక్క,
జ్ఞానేశ్వరి

---

56 ఎ.పి.ఓ.,
11 డిసెంబరు 1994

అక్కా,

చలి ఎంతో రాయమన్నావు. పొద్దున పళ్లు తోముకునే పేస్టు గొట్టంలోంచి బయటికి రావాలంటే దాన్ని చంకలో పెట్టుకుని కాసేపు కూర్చోవాలి. అంతకన్నా రాస్తే అమ్మ చదివించుకుని ఏడుస్తుంది.

నీ ఎక్స్‌ఛేంజికి పట్టిన గతే మా సిగ్నల్స్ వాళ్లకూ పట్టింది. ఇన్నాళ్లూ నా పని ఏమిటి? మంచులోకి గస్తీకి వెళ్లిన దళం రేడియోలో పిలిస్తే వినడం, ఎక్కడున్నారో కాగితం మీద రాసుకోవడం, ఆ ముక్క పై ఆఫీసుకు చెప్పడం. వాళ్లు ఇంకా పై ఆఫీసుకు చెబుతారు. చివరికి పెద్ద సాబ్ గోడ మీది మ్యాపులో గుండుసూది గుచ్చేసరికి సాయంత్రమవుతుంది, ఆ లోపల మా వాళ్లు ఇంకో కొండ ఎక్కేసి ఉంటారు. మధ్యలో శిఖరం అడ్డొస్తే అసలు గొంతే వినపడదు.

ఇప్పుడు పరీక్ష కోసమని కొత్త సామాను ఇచ్చారు. దాని పేరూ మా కొండ పేరూ రాయకూడదు. ఇటుకరాయంత పెట్టె అనుకో. అది ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలను అడిగి తానెక్కడుందో తెలుసుకుంటుంది. ఎవరూ అడక్కుండానే కాసేపటికోసారి "నేనిక్కడున్నాను" అని తనంతట తానే చెబుతుంది. చుట్టుపక్కల మన రేడియో సెట్టు ఏది విన్నా సరే, అది పక్కదానికి, అది ఇంకో పక్కదానికి అందిస్తుంది. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి వెతుక్కుంటుంది. దుబ్బాక లైను తెగినప్పుడు నువ్వు కాల్‌ను చుట్టూ తిప్పి ఇంకో ఊరి మీదుగా పంపేదానివి చూడు, అదే పని మనిషి లేకుండా జరుగుతుంది. చివరికి ఒక తెర మీద చుక్కగా కనపడుతుంది. విశేషమేమిటంటే ఆ చుక్కను పెద్ద సాబ్, ఫిరంగుల వాళ్లు, హెలికాప్టర్ వాళ్లు అందరూ ఒకేసారి చూస్తారు. ఒకరికొకరు చెప్పుకునే పని లేదు.

మా వాళ్లకు మాత్రం దాన్ని చూస్తే ఒళ్లు మంట. మోయడానికి బరువు ఒకటి. దానికి తోడు, నిన్న ఒక దళం బండరాయి చాటున బీడీ కాల్చుకుందామని ఆగితే, ఎన్నో కొండల అవతల ఉన్న ఆఫీసు నుంచి "ఎందుకు ఆగారు" అని ప్రశ్న వచ్చింది. అప్పటినుంచి దానికి చుగల్‌ఖోర్ అని పేరు పెట్టారు, చాడీలకోరు అని. ఉప్పలయ్య అన్న అయితే దాన్ని వీపుకు కట్టుకునేటప్పుడల్లా "అత్తను మోస్తున్నట్టున్నది తమ్మీ" అంటాడు. వాళ్ల అత్తగారు ఎంత మంచిదో నీకు తెలుసు కదా, ఊరికే అంటాడు.

మా కెప్టెన్ సాబ్ చదువుకున్నవాడు. నాలుగేళ్ల కిందట కువైట్ యుద్ధం టీవీలో చూశాం కదా, దాని గురించి చెప్పాడు. ఎవరి దగ్గర తుపాకులు ఎక్కువున్నాయనేది పాత లెక్క అట. ఎవరికి ముందు తెలిసింది, తెలిసింది ఎంత మందికి ఒకేసారి చేరింది అనేదే కొత్త లెక్క అట.

ఒక సంగతి నీకు మాత్రమే రాస్తున్నాను. మొన్న ఫిరంగుల వాళ్లతో కలిసి అభ్యాసం చేశాం. మేం తెర మీద ఒక చోటు చూపించాం. నేను చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టకముందే అక్కడ గుండు పడింది. అక్కడున్నది సున్నం కొట్టిన రాళ్లే. అయినా ఆ చాయ్ నేను తాగలేదు. ముందైతే ఆ మాట పది నోళ్లు దాటి వెళ్లేది, దారిలో ఎవరో ఒకరు "ఆగు, ఇంకోసారి చూడు" అనేవాళ్లు. చుక్కకు మొహం ఉండదు కదక్కా. అవతలి వైపు కూడా ఏదో ఒక రోజు ఇలాంటి తెర వస్తుంది, దాని మీద నేను చుక్కనవుతాను.

కనకవ్వకు చెప్పు, ఆమె కొడుకు బాగున్నాడు, బిడ్డ ఫోటో కోటు లోపలి జేబులో పెట్టుకుని కనపడ్డ వాళ్లకల్లా చూపిస్తున్నాడు. నాకే నాలుగుసార్లు చూపించాడు.

నీ తమ్ముడు,
దేవదాసు

---

సిద్దిపేట,
22 జనవరి 1995

దేవదాసూ,

నీ దగ్గర్నుంచి వచ్చిన కార్డు అందింది. "నేను క్షేమం. పని ఎక్కువగా ఉంది. తర్వాత రాస్తాను." ఇది ఉత్తరమా, టెలిగ్రామా? చిన్నప్పుడు బాపు గడియారం పగలగొట్టి, అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకున్న రోజు నాకు బాగా గుర్తుంది. ఈ కార్డు చూస్తే నీ వీపు కనపడుతున్నది.

ఉప్పలయ్య రాలేదు. తొట్టెల కోసం చుట్టాలంతా దుబ్బాకలో దిగారు. నేనూ మీ బావా కూడా వెళ్లాం. అతని బెటాలియన్ నుంచి సెలవు వాయిదా పడిందని రెండు ముక్కలు వచ్చాయి, కారణం లేదు. కనకవ్వ చుట్టాలందరికీ వండి పెట్టింది, ఎవరికీ లోటు చేయలేదు. మేం బస్సెక్కేటప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మర్నాడు ఎక్స్‌ఛేంజికి వచ్చింది. పొద్దున్నుంచి డ్యూటీ దిగేదాకా బెంచీ మీద అలాగే కూర్చుంది. అన్నం తిందాం రమ్మంటే ఆకలి లేదంది. మిలిటరీ వాళ్లకు ఫోను కలపమని అడిగింది. కనకవ్వా, ఆ లైను నాకు దొరకదు, నా చేతిలో లేదు అని చెప్పాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ మాట అంత కష్టంగా ఎవరికీ చెప్పలేదు.

"నువ్వు సుత కలపలేవా బిడ్డా" అంది.

దేవదాసూ, అతను బతికే ఉన్నాడా? ఆ ఒక్క ముక్క రాయి. మంచైనా చెడైనా ఆమెకు నేనే చెబుతాను. తెలియకుండా ఉండడమే ఆమెను తినేస్తున్నది.

అక్క

---

56 ఎ.పి.ఓ.,
5 ఫిబ్రవరి 1995

అక్కా,

బతికే ఉన్నాడు. ఈ ఉత్తరం అందగానే మిగతాది చదవకముందే దుబ్బాక బస్సెక్కు. మిగతాది బస్సులో చదువుకో.

సెలవుకు వారం ముందు ఉప్పలయ్య అన్న నలుగురిని వెంటబెట్టుకుని గస్తీకి వెళ్లాడు. మధ్యాహ్నానికి మంచు తుఫాను లేచింది. అది గాలి కాదక్కా, గోడ. చీకటి పడే వేళకు తిరిగి రావాల్సిన వాళ్లు రాలేదు. నేను సెట్టు మీద పిలుస్తూనే ఉన్నాను. బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. మా పోస్టు నుంచి బయటికి రెండు దారులు. ఒకటి వాగు వెంట, ఇంకోటి శిఖరం మీదుగా. వెతకడానికి ఒక్క దళాన్నే పంపగలం, అదీ ఒక్క వైపే. తప్పు వైపు వెళ్తే వెతికేవాళ్లూ తిరిగి రారు. మా మేజర్ సాబ్ ఎటు వెళ్లారని అడిగాడు. ఎవరికీ తెలియలేదు. అందరం వాగు వైపే అనుకున్నాం, ఎప్పుడూ అటే వెళ్తారు కాబట్టి. మా దళం వాగు వైపు బయలుదేరడానికి తాళ్లు కట్టుకుంటున్నది.

అప్పుడు వచ్చింది పిలుపు. ఎక్కడి నుంచో తెలుసా? అన్ని కొండల కింద, వంద కిలోమీటర్ల అవతల ఉన్న పెద్ద ఆఫీసు నుంచి. మీవాళ్ల చుక్క శిఖరం వైపు కనపడుతున్నది, కదలడం లేదు అన్నారు. చుగల్‌ఖోర్ చెప్పేసిందక్కా. మాకు అడ్డుగా ఉన్న శిఖరం అవతల ఫిరంగుల వాళ్ల పోస్టు ఒకటి ఉంది. పెట్టె మాట వాళ్ల సెట్టుకు అందింది, అక్కడినుంచి చేయీ చేయీ మారినట్టు కిందిదాకా పోయింది, మళ్లీ పైకెక్కి మా దగ్గరికి వచ్చింది. కేకేస్తే వినపడేంత దూరంలో ఉన్న మనుషుల సంగతి లోకమంతా తిరిగి మాకు చేరింది.

అదే చుక్కను హెలికాప్టర్ వాళ్లూ చూస్తూ కూర్చున్నారు. మబ్బు కాస్త విచ్చగానే ఎవరూ చెప్పకముందే లేచారు. మా దళం శిఖరం వైపు వెళ్లింది. మంచులో గుంట తవ్వుకుని ఐదుగురూ ఒకరినొకరు పట్టుకుని ఉన్నారు. ఐదుగురూ ప్రాణాలతో ఉన్నారు. ఉప్పలయ్య అన్న తన పొడి మేజోళ్లు ఒక కుర్ర సిపాయికి ఇచ్చేశాడట. ఎడమ కాలి వేళ్లు చలికి చచ్చుబడి తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు కింద మిలిటరీ దవాఖానలో ఉన్నాడు. జ్వరం లేదు. మార్చి ఆఖరుకు ఇంటికి పంపుతామన్నారు. కనకవ్వకు వేళ్ల సంగతి కూడా చెప్పు. మగ్గం గుంటలో కూర్చుని కాళ్లతో తొక్కే పనికి వేళ్లెంత ముఖ్యమో నాకు తెలుసు, అయినా చెప్పు.

నాకిప్పుడు ఒకటే ఆరాటం. ఎవరికైనా దండం పెట్టుకోవాలి. ఎవరికో తెలియడం లేదు. ఫిరంగుల పోస్టుకు ఫోను చేసి, మీ ఆపరేటర్ ఎవరు, ఆయన కాళ్లకు మొక్కుతాను అన్నాను. వాళ్లు నవ్వారు. "భాయ్, ఆ టైములో మేం మంచు కరిగించి చాయ్ పెట్టుకుంటున్నాం. మాకసలు తెలియనే తెలియదు. మిషనే తీసుకుంది, మిషనే పంపింది" అన్నారు. కింద ఆఫీసులో అడిగితే వాళ్లూ అదే మాట. ఐదుగురిని బతికించిన మాట అంత దూరం నడిచింది, దారిలో ఒక్క మనిషి చెవినీ పడలేదు.

పొద్దున ఎవరూ చూడకుండా ఆ పెట్టె మీది మంచు తుడిచి, దాన్ని తాకి కళ్లకద్దుకున్నాను. నవ్వుకుంటే నవ్వుకో.

దేవదాసు

---

సిద్దిపేట,
26 ఫిబ్రవరి 1995

తమ్మీ,

నవ్వుకోలేదు. దుబ్బాక బస్సులో అందరి ముందూ ఏడ్చాను. పక్కన కూర్చున్నామె ఎవరో పోయారనుకుని నన్ను ఓదార్చింది, దొరికాడమ్మా అని చెబితే ఆమె కూడా ఏడ్చింది.

కనకవ్వకు మొత్తం చదివి వినిపించాను. వేళ్ల సంగతి వినగానే కాసేపు మగ్గం వైపు చూసింది. "కాలు ఉన్నది గద, సాలు" అంది. తర్వాత పెట్టె గురించి మళ్లీ మళ్లీ అడిగింది. అది మనిషి ఎత్తుంటదా, మాట్లాడితే ఆడగొంతా మగగొంతా, దాన్ని రాత్రిళ్లు ఎక్కడ పెడతారు. నేను బయలుదేరేటప్పుడు ఒక చిన్న తువ్వాల నా చేతిలో పెట్టింది. పెట్టెకు కప్పమంది, దానికి కూడా చలి పెడుతుంది కదా అని. ఆమెకు ఎలా వివరించాలో తెలియక తీసుకున్నాను. పార్సెల్ వేరుగా పంపుతున్నాను. కప్పుతావో, నువ్వు తల తుడుచుకుంటావో నీ ఇష్టం, ఆమెకు మాత్రం కప్పానని రాయి.

దండం ఎవరికి పెట్టాలని అడిగావు. కొన్నేళ్ల కిందట గంజ్‌లో కొట్టు నడిపే కిష్టయ్య కోడలికి కాన్పు కష్టమైతే, లైన్లన్నీ పాడైన రోజు ఊళ్లన్నీ చుట్టి తిప్పి హైదరాబాద్ డాక్టరుకు నేను కలిపాను. తల్లీ బిడ్డా బతికారు. కిష్టయ్య ఏం చేశాడో తెలుసా? తన కొట్టులో ఫోనుకు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. నేనొకదాన్ని ఉన్నానని ఆయనకు తట్టనే లేదు. ఆ రోజు నాకు భలే ఉడుకుమోత్తనం వచ్చింది. ఇప్పుడనిపిస్తుంది, ఆయన తప్పేమీ చేయలేదు. కనపడినదానికి మొక్కాడు. ఆ మొక్కు నాకు రాకపోయినా ఎటో వెళ్లే ఉంటుంది, లైను వేసిన వాడికో, స్తంభం పాతిన వాడికో. నీ దండం కూడా అలాగే చేరుతుంది. పెట్టు, లెక్కలు అడక్కు.

మొన్న బోర్డు మీద నా ఆఖరి డ్యూటీ అయిపోయింది. కొత్త మిషన్లు బాగానే పనిచేస్తున్నాయి, చెప్పుకోవడానికి బాధగా ఉంది కానీ నాకన్నా బాగానే పనిచేస్తున్నాయి. రాత్రి పగలు అని లేదు, విసుగు లేదు. దుబ్బాక నుంచి భీవండికి వలస పోయిన నేతగాళ్ల పెళ్లాలు ఎస్టీడీ బూత్‌లలో నిలబడి ఎవరూ వినకుండా మొగుళ్లతో మాట్లాడుకుంటున్నారు. నేను మధ్యలో ఉన్నన్నాళ్లూ పాపం వాళ్లు నా ఎదుట సిగ్గుపడేవాళ్లు. సంతోషంగానే దిగిపోయాను.

ఇక ఒక మాట. ఆపరేటర్ బుద్ధి, అడక్కుండా ఉండలేను. ఎటు వెళ్లారో ఎవరికీ తెలియలేదు అని రాశావు. మీ పోస్టు దాటి వెళ్లేవాడు ఎటు వెళ్తున్నదీ చెప్పి వెళ్లాలనీ, సెట్టు మీద ఉన్నవాడు అడిగి రాసుకోవాలనీ నువ్వే నాకు పోయినేడు సెలవులో చెప్పావు. ఆ రోజు సెట్టు మీద ఉన్నది ఎవరు?

అక్క

---

56 ఎ.పి.ఓ.,
19 మార్చి 1995

అక్కా,

నేనే.

నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని ఎన్నో రోజులు తిరిగాను. అబద్ధం రాద్దామని కూడా అనుకున్నాను. నీకు అబద్ధం రాయడం నాకు చేతకాదు.

రోజూ అందరినీ అడుగుతాను. హిందీలో "కహాఁ జా రహే హో" అని అలవోకగా వస్తుంది. పంజాబీ వాణ్ని అడుగుతాను, తమిళుణ్ని అడుగుతాను, రాసుకుంటాను, పంపిస్తాను. ఉప్పలయ్య అన్నతో మాత్రం నాది మన మాట. మన మాటలో ఆ ప్రశ్న నాకు నోట రాదక్కా. గడప దాటేవాణ్ని యాడికి అని అడిగితే పోయిన పని కాదని, కీడని, అమ్మ మనల్ని ఎన్నిసార్లు కసిరింది? ఆపైన ఆ రోజు మామూలు రోజు కాదు. ఇంటికి పోయే ముందు ఆయనకు అదే చివరి గస్తీ. జేబులో పసిపిల్ల ఫోటో. అలాంటివాడి ఎదుట నిలబడి యాడికి అని ఎలా అంటాను?

అందుకని మన ఊళ్లలో అందరూ అడిగినట్టే అడిగాను. "ఎందాంక అన్నా?" అన్నాను.

"గీడిదాంకనే తమ్మీ" అన్నాడు. మన ఊళ్లలో అందరూ చెప్పినట్టే, ఎటన్నది లేకుండా, ఇక్కడికే అన్నట్టు చెప్పాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. నేను వాగు వైపు అని రాసేశాను, ఎప్పుడూ అటే కదా అని. ఆ రోజు వాగు మీద మంచు పగుళ్లిచ్చిందని ఆయన చూసుకుని శిఖరం వైపు మళ్లాడు. దారిలో సెట్టు మీద చెబుదామనుకున్నాడట, ఆ లోపలే తుఫాను వచ్చింది. మేజర్ సాబ్ ఎటు అని అడిగాడు. వాగు వైపే అనుకుంటున్నాను సాబ్ అన్నాను. ఆ అనుకోవడం మీదే తాళ్లు కట్టుకున్నారు. పెట్టె మాట ఇంకొంచెం ఆలస్యంగా వచ్చి ఉంటే, ఆ ఐదుగురినీ నేను చంపిన వాణ్ని, వెతకడానికి పోయిన వాళ్లనూ చంపిన వాణ్నయ్యేవాణ్ని.

తర్వాత విచారణ జరిగింది. దవాఖాన మంచం మీద ఉప్పలయ్య అన్న ఏం చెప్పాడో తెలుసా? దేవదాసు సరిగానే అడిగాడు, నేనే తప్పు చెప్పి వెళ్లాను అన్నాడు. వేళ్లు పోగొట్టుకున్న మనిషి నా తప్పు తన మీద వేసుకున్నాడు. నేను నోరు మూసుకుని ఉంటే అంతటితో అయిపోయేది. కొన్నాళ్లు మూసుకున్నాను కూడా. నీ ప్రశ్న వచ్చాక ఇక కుదరలేదు. కెప్టెన్ సాబ్ ముందుకు వెళ్లి అంతా చెప్పాను. ఈ ఏడు రావాల్సిన ప్రమోషన్ ఆగిపోయింది. అది చాలా తక్కువ శిక్ష. ఆయన కోప్పడలేదు, అదే కష్టంగా ఉంది. ఈ పెట్టె పరీక్షలో నెగ్గిందని పైకి రాస్తున్నాను, అది చూసి మనుషులు ఒకరినొకరు అడగడం మానేస్తారేమోనని నా భయం అన్నాడు.

ఆ పెట్టెకు నా ప్రాణం బాకీ ఉందక్కా. ఉప్పలయ్య అన్నదే కాదు, నాదీ బాకీయే. చుగల్‌ఖోర్ అని ఇంకెప్పుడూ అనలేను. కనకవ్వ తువ్వాల దానికి కప్పితే పనిచేయదని పైవాళ్లు ఒప్పుకోలేదు కానీ, దాన్ని పెట్టుకునే సంచీలో అడుగున పరిచాను. కెప్టెన్ సాబ్ చూసి చూడనట్టు ఊరుకున్నాడు.

ఇప్పుడు నాకో సాయం చేయి. ఈ ఉత్తరం కనకవ్వకు చదివి వినిపించు. ఒక్క వాక్యం కూడా వదిలేయకు. కొడుకుకు తోడుగా నేనున్నానని తనకు ధైర్యం అన్నది కదా ఆమె. ఆ ధైర్యం నేను నిలబెట్టలేదని ఆమెకు తెలియాలి.

దేవదాసు

---

సిద్దిపేట,
30 ఏప్రిల్ 1995

తమ్ముడు దేవదాసుకు,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఆమెకు వెంటనే చదివి వినిపించలేకపోయాను. రెండుసార్లు దుబ్బాక వెళ్లి, చింతపండు కొనుక్కుని తిరిగి వచ్చాను. మా ఇంట్లో ఇప్పుడు ఏడాదికి సరిపడా చింతపండు ఉంది. మీ బావకు అసలు సంగతి చెబితే, చదవకుండా ఉండేటట్టయితే ఎందుకు మోసుకు తిరుగుతున్నావు అన్నాడు. అప్పుడప్పుడు ఆయన కూడా సరైన మాట అంటాడు.

ఉప్పలయ్య వచ్చాడు. కర్ర పట్టుకుని, ఎడమ కాలు కాస్త ఈడుస్తూ నడుస్తున్నాడు. బూటు లోపల వేళ్లున్న చోట దూది పెట్టుకుంటాడట. పిల్ల మొదటి రోజు మీసాలు చూసి గుక్కపట్టి ఏడ్చిందట, ఇప్పుడు అతని ఒళ్లోంచి దిగనంటున్నది. పోయిన ఆదివారం తొట్టెల చేశారు. చుట్టాలంతా వెళ్లాక, ఇంట్లో వాళ్లే మిగిలాక, నేను నీ ఉత్తరం తీశాను.

ఒక్క వాక్యం కూడా వదల్లేదు. ఎందాంక, గీడిదాంకనే అన్న చోటు కూడా చదివాను. ఉప్పలయ్య తల వంచుకుని, వాణ్ని అనకే అవ్వా, నేను చెప్పాల్సింది, వాడు అడగకున్నా చెప్పాల్సింది అన్నాడు. కనకవ్వ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. గిన్నెలు తోముతున్న చప్పుడు వినపడింది. ఇక నాతో మాట్లాడదేమో అనుకున్నాను. నీ తరఫున నేను దోషిలా కూర్చున్నాను.

కాసేపటికి వచ్చి నా పక్కనే కూర్చుని, రాసుకోమంది. తను చెప్పింది చెప్పినట్టు రాయమంది. నా సొంత మాటలు కలపొద్దని కూడా అంది. కాగితం అక్కడే తీసి రాశాను. ఆ ముక్కలే కింద దింపుతున్నాను.

"దేవదాసూ, నేను కనకవ్వను. నీ మీద నాకు కోపం వచ్చింది. రాలేదంటె అబద్ధమైతది. గిన్నెలు తోముకుంట ఆలోచన చేసిన. నా కొడుకు ఇల్లు దాటుతుంటె నేను సుత ఎన్నడు అడగలె. పట్నం పోయినా, పట్టాళంల జేరినా అడగలె. నువ్వు చేసింది నా అసోంటి తల్లులు నేర్పిన పనే. గా పెట్టెకు మంచి చెడ్డ తెల్వది, శకునం తెల్వది, గందుకే అడగకముందే చెప్పింది, నా కొడుకు బతికిండు. దానికి నా దండం చెప్పు. నీకు సుత దండమే బిడ్డా. దాసుకుంటె దాగేదాన్ని దాయకుంట చెప్పినవు.

వీడు జూన్ల మల్ల మీ కాడికి వస్తుండు. కొండలు ఎక్కనియ్యరట, కింద స్టోర్ల పని ఇస్తరట. యాడ పని చేసినా బయిటికి పోవుడు ఉంటది గద. వీడు బస్సెక్కేనాడు యాడికి బిడ్డా అని అడుగుదామని నిన్నటి సంది నోరు తెరుస్తున్న. వస్తలేదు. ముసలిదాన్నయిన, ఇగ నాకు రాదు. నువ్వు పడుచోనివి, నీకు వస్తది. నా జాగల నువ్వు నిలవడి అడుగు. వాడు నవ్వినా అడుగు, కసిరినా అడుగు. వాడు చెప్పెదాంక గడప దాటనియ్యకు."